సింకు చుట్టూ, గట్టు వెనక: వంటగది సందులకు సిలికాన్ మనమే పెట్టుకునే పద్ధతి

వంటగది కొత్తగా చేయించుకునేటప్పుడు మేస్త్రీ పని మేస్త్రీది, ప్లంబర్ పని ప్లంబర్‌ది, కార్పెంటర్ పని కార్పెంటర్‌ది. వాళ్ల పనులు కలిసే చోట్లు మాత్రం ఎవరివీ కావు. గ్రానైట్ గట్టు గోడ టైల్‌ని తాకే గీత, సింకు అంచు గ్రానైట్‌ని తాకే గీత, పైపు చెక్కలోంచి బయటికొచ్చే రంధ్రం అన్నీ అలాగే మిగిలిపోతాయి. గట్టిగా అడిగితే మేస్త్రీ పోతూ పోతూ కాస్త వైట్ సిమెంట్ కలిపి పూసేసి వెళ్తాడు. చూడ్డానికి బాగానే ఉంటుంది. కొన్నాళ్లకు అందులో సన్నగా పగులు వస్తుంది, గట్టు కడిగిన నీళ్లు అందులోకి దిగుతాయి, కింద అరలో ప్లైవుడ్ ఉబ్బుతుంది, తలుపు సరిగ్గా పడదు. ఇక బొద్దింకలకు కొత్త ఇల్లు దొరికినట్టే.

ఈ సందులు మూయడానికి సిలికాన్ కావాలి, అంటే ట్యూబులోంచి మెత్తగా వచ్చి, ఆరాక రబ్బరులా సాగే పదార్థం. దానికి ఒక సిలికాన్ గన్, రెండు ట్యూబులు, మాస్కింగ్ టేపు, ఒక శని ఆదివారాలు చాలు. గన్ నొక్కే పని అరగంటకు మించదు. పాతది గీకడం, జిడ్డు వదిలించడం, ఎండబెట్టడం మాత్రం బోలెడంత టైమ్ తీసుకుంటాయి. సిలికాన్ తోలులా ఊడి వచ్చిందంటే చాలాసార్లు లోపం ట్యూబ్‌లో ఉండదు, కింద మిగిలిపోయిన తడిలోనో జిడ్డులోనో ఉంటుంది.

వైట్ సిమెంట్ అక్కడ ఎందుకు నిలవదు

మన ఇళ్లలో గట్టు సాధారణంగా ఇటుక గోడల మీదో, ఇనుప ఫ్రేమ్ మీదో కడప బండ పరిచి, దానిపైన గ్రానైట్ అతికించి చేస్తారు. వెనక గోడకు డాడో టైల్స్. గట్టు ఒకటి, గోడ ఒకటి. రోలు పెట్టి దంచినా, పిల్లలు ఎక్కి కూర్చున్నా గట్టు వెంట్రుకవాసి కదులుతుంది. గోడ కదలదు. మధ్యలో ఉన్న సిమెంట్‌కు సాగే గుణం లేదు కాబట్టి అదే చీలుతుంది. సిమెంట్ ఆరేటప్పుడే కొంత కుంచించుకుపోతుంది కూడా.

సింకు దగ్గర కదలిక ఇంకా ఎక్కువ. స్టెయిన్‌లెస్ స్టీల్ వేడికి గ్రానైట్ కంటే దాదాపు రెండింతలు సాగుతుంది. రెండడుగుల సింకు మొత్తం 50 డిగ్రీలు వేడెక్కితే సుమారు అర మిల్లీమీటరు పెరుగుతుంది. మరిగే గంజి వంపగానే చల్లని నీళ్లు వదిలితే ఈ పెరగడం, తగ్గడం నిమిషాల్లో జరుగుతాయి. ఇది రోజూ ఉండేదే.

దీనిలోంచి వచ్చే నియమం ఒకటి గుర్తుంచుకుంటే మిగతా నిర్ణయాలు వాటంతటవే వస్తాయి. ఒకే గోడ మీద టైల్‌కీ టైల్‌కీ మధ్య గ్రౌట్, అంటే ఆరాక గట్టిపడే పూడిక. రెండు వేర్వేరు తలాలు కలిసే మూలలో గానీ, రెండు వేర్వేరు వస్తువులు కలిసే చోట గానీ సిలికాన్. ఎపాక్సీ గ్రౌట్ ఖరీదైనది, మరక పట్టదు, అయినా అది కూడా గట్టిపడే వస్తువే. మూలలో అది కూడా చీలుతుంది.

ఎక్కడ పెట్టాలి, ఎక్కడ ముట్టుకోకూడదు

పెట్టాల్సినవి: గట్టుకీ డాడోకీ మధ్య ఉన్న గీత, రెండు గోడల డాడోలు కలిసే నిలువు మూల, సింకు చుట్టూ, కిటికీ కింద గ్రానైట్ పలకకీ ఫ్రేమ్‌కీ మధ్య, కుళాయి మొదలు, చిమ్నీ గొట్టం గోడ దాటే చోట బయటివైపు, సింకు కింద అరలో పైపుల రంధ్రాలు. ఆ అరలో ప్లైవుడ్ కోసిన అంచులు బయటికి కనిపిస్తుంటే వాటి మీద కూడా పలుచగా ఒక పూత పూయండి. ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై అయినా, ఐఎస్ 303 ముద్ర ఉన్న మామూలు ప్లై అయినా నీళ్లు మొదట లోపలికి వెళ్లేది కోసిన అంచు నుంచే. చెక్క పొడిని అదిమి చేసే ఎండీఎఫ్ పలక అయితే చెప్పక్కర్లేదు, ఒక్కసారి తాగిందంటే మళ్లీ మామూలు కాదు.

పెట్టకూడని చోట్లు కూడా ఉన్నాయి, వీటిని ఎవరూ చెప్పరు.

గట్టులో దించే గ్యాస్ స్టవ్ (హాబ్) అంచుకు సిలికాన్ పెట్టకండి. దానితోపాటే ఒక ఫోమ్ పట్టీ వస్తుంది, అదే చాలు. బర్నర్ రిపేరుకు హాబ్ పైకి తీయాల్సి వస్తుంది. సిలికాన్‌తో అంటుకుపోతే ఎత్తేటప్పుడు గ్లాసు పగలొచ్చు.

గ్యాస్ జాయింట్ల మీద సిలికాన్ పూయడం ప్రమాదం. అది గ్యాస్ ఆపే పదార్థం కాదు. వాసన వస్తే రెగ్యులేటర్ ఆపి, స్విచ్చులు ముట్టకుండా, కిటికీలు తెరిచి, బయటికొచ్చి 1906కి ఫోన్ చేయాలి. ఎల్పీజీ లీకుల అత్యవసర నంబరు అది.

నీళ్ల పైపు మరలకు టెఫ్లాన్ టేపు వాడాలి, సిలికాన్ కాదు. యూపీవీసీ, అల్యూమినియం కిటికీల కింది పట్టాలో వాన నీళ్లు బయటికి పోవడానికి చిన్న రంధ్రాలు వదులుతారు. వాటిని మూసేస్తే నీళ్లు లోపలికే వస్తాయి. ఇక కింది అరల ముందు, నేల దగ్గర ఉండే పట్టీ. దాన్ని నేలకు అంటించేయకపోవడమే మంచిదని నా అభిప్రాయం. లోపల ఎక్కడైనా లీకు ఉంటే ఆ నీళ్లు బయటికి వచ్చి మనకు కనిపించాలి కదా.

ఏ ట్యూబ్ కొనాలి

హార్డ్‌వేర్ షాపులో "సిలికాన్ ఇవ్వండి" అంటే చేతిలో పెట్టేది ఎక్కువగా అసిటాక్సీ రకం. తెరవగానే వెనిగర్ ఘాటు వస్తుంది, ఎందుకంటే ఆరేటప్పుడు అది ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది. అద్దానికి, మెరిసే టైల్‌కి అది బాగా పట్టుకుంటుంది. సిమెంట్‌కి, పాలరాయికి, సున్నపురాయికి మాత్రం ఆమ్లం పడదు. గట్టు కింద ఉండే కడప బండ సున్నపురాయే. సిమెంట్ పూత కనబడే సందులోనో, కడప బండ అంచు బయటపడ్డ చోటో అసిటాక్సీ పెడితే పట్టు నిలవదు. రాగి, ఇత్తడి ఫిట్టింగులు కూడా నల్లబడతాయి, చిలుము పడతాయి.

అందుకని వంటగదికి న్యూట్రల్ క్యూర్, అంటే ఆరేటప్పుడు ఆమ్లం వదలని రకం అని రాసి ఉన్న ట్యూబ్ అడగండి. ధర కొంచెం ఎక్కువ. దానిపై శానిటరీ అని కూడా ఉంటే బూజును ఆపే మందు కలిసి ఉందని అర్థం. సింకు చుట్టూ అది ఉండాలి.

గ్రానైట్ ఉన్నవాళ్లు చూసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. మామూలు సిలికాన్‌లో ఉండే నూనె లాంటి పదార్థాన్ని రాయి మెల్లగా పీల్చుకుంటుంది. కొన్ని నెలలకు గీత పక్కన తడిసినట్టు ముదురు పట్టీ కనిపిస్తుంది. అది ఎంత తుడిచినా పోదు. ప్రకాశం జిల్లా చీమకుర్తి నుంచి వచ్చే బ్లాక్ గెలాక్సీ చాలా దట్టమైన నల్లరాయి, దాని మీద ఇది కనబడడం అరుదు. కరీంనగర్ వైపు నుంచి వచ్చే టాన్ బ్రౌన్ మీద కూడా పెద్దగా తెలియదు. తెల్లటి, లేత బూడిద రంగు గ్రానైట్లు, పాలరాయి మీద మాత్రం స్పష్టంగా తెలుస్తుంది. మీ రాయి ఎలాంటిదో తేల్చుకోవాలంటే సింకు కోసినప్పుడు మిగిలిన ముక్క మీద నాలుగు చుక్కల నీళ్లు వేసి పావుగంట వదిలేయండి. తుడిచాక అక్కడ ముదురు మచ్చ ఉంటే రాయి పీలుస్తోందన్నమాట. అలాంటప్పుడు న్యాచురల్ స్టోన్ కోసమని ప్రత్యేకంగా రాసి ఉన్న సిలికానే కొనాలి. ముందు అదే ముక్క మీద గీత వేసి వారం రోజులు చూడండి. అందుకే కోసిన ముక్కల్ని మేస్త్రీ తీసుకెళ్లకుండా పక్కన పెట్టుకోండి.

రంగు దగ్గర చాలామంది తెలుపు అంటారు. నేనైతే వద్దంటాను. పసుపు మరక సిలికాన్‌లోకి ఇంకిపోతుంది. పోపు వేసే గట్టు పక్కన తెల్ల గీత కొద్ది రోజుల్లోనే పచ్చబడుతుంది. పారదర్శకం కూడా అనుకున్నంత మంచిది కాదు, వెనకున్న సిమెంట్ మరకలన్నీ అందులోంచి కనిపిస్తాయి. నల్ల గ్రానైట్‌కి నలుపు, మిగతా వాటికి గ్రౌట్ రంగుకు దగ్గరగా ఉండే బూడిద రంగు బాగా కుదురుతాయి.

ట్యూబ్ అడుగున తయారీ తేదీ చూడకుండా కొనకండి. చాలావాటికి గడువు ఏడాది. గడువు దాటినది ఎన్ని రోజులైనా జిగటగానే ఉండిపోతుంది, దాన్ని గీకి తీయడం నరకం. షాపులో ఎండ పడే అద్దాల దగ్గర పెట్టిన ట్యూబ్ కూడా తీసుకోవద్దు.

ఎన్ని కావాలి? సాధారణ ట్యూబ్‌లో 280 మిల్లీలీటర్లు ఉంటుంది. మూలలో రెండువైపులా 6 మిల్లీమీటర్లు తాకేలా ముక్కోణం గీత వేస్తే దానితో లెక్క ప్రకారం 15 మీటర్లు రావాలి. వృథా తీసేస్తే 11, 12 మీటర్లు అనుకోండి. అదే 6 మిల్లీమీటర్ల వెడల్పు, అంతే లోతు ఉన్న సందు నింపాలంటే ఏడున్నర మీటర్లే. ఎల్ ఆకారం గట్టు, ఒక సింకు ఉన్న వంటగదికి రెండు ట్యూబులు సరిపోతాయి. పని మధ్యలో ఆపి షాపుకు పరిగెత్తే పని లేకుండా మూడోది తెచ్చుకుని, తెరవకపోతే వాపసు ఇచ్చేయండి.

పై అరలు సీలింగ్‌ని తాకే చోట, తలుపు ఫ్రేమ్ గోడని తాకే చోట సిలికాన్ వాడితే దాని మీద పెయింట్ నిలవదు. అక్కడ యాక్రిలిక్ సీలెంట్ వాడాలి. నీళ్లతోనే శుభ్రమవుతుంది, పైన రంగు వేసుకోవచ్చు. తడి తగిలే చోట మాత్రం అది పనికిరాదు. అమెరికాలో ఇల్లు కొని సొంతంగా పనులు చేసుకునే మనవాళ్లకు ఇక్కడే తికమక వస్తుంది. అక్కడ షాపు అరలో కాక్ (caulk) అన్న పేరుతోనే యాక్రిలిక్ లేటెక్స్, సిలికాన్ కలిపిన యాక్రిలిక్, పూర్తి సిలికాన్ మూడూ పక్కపక్కనే ఉంటాయి. క్వార్ట్జ్ కౌంటర్‌కీ టైల్‌కీ మధ్య, సింకు చుట్టూ 100 శాతం సిలికాన్ అని ఉన్నదే తీసుకోండి. పెయింట్ వేసుకోవచ్చు అని రాసి ఉంటే అది చాలావరకు యాక్రిలిక్ రకమే, అది గోడల పనికి.

గన్ విషయంలో పిసినారితనం వద్దు. మరీ చవకది నొక్కితే ఆగి ఆగి వస్తుంది, గీత కూడా అలాగే ఆగి ఆగి పడుతుంది. వెనక ఒత్తిడి వదిలే మీట సులువుగా పనిచేస్తోందో లేదో షాపులోనే నొక్కి చూడండి. ఇవి కాక కట్టర్ బ్లేడు, ప్లాస్టిక్ గీకుడు పలక, మాస్కింగ్ టేపు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ సీసా, పాత కాటన్ బట్టలు, ఐస్‌క్రీం పుల్లలు, చేతి తొడుగులు, చెత్త వేయడానికి న్యూస్ పేపర్లు కావాలి.

ముందు ఇంట్లోవాళ్లతో మాట్లాడండి

ఇది హాస్యానికి అన్నది కాదు. పని మొదలుపెట్టడానికి ముందు ఒక రోజు, పెట్టాక మరో రోజు గట్టు మీద, సింకులో నీటి చుక్క పడకూడదు. మన వంటగదిలో అంతకంటే కష్టమైన షరతు లేదు. రాత్రి గట్టు కడగనిదే నిద్రపోని అమ్మ, పొద్దున్నే అంట్లు తోమడానికి వచ్చే మనిషి, మధ్యలో కాఫీ గ్లాసు కడిగేసి వెళ్లే నాన్న, ఎవరికి చెప్పకపోయినా పని పాడైనట్టే. అంట్లకు బాల్కనీలోనో వాష్ ఏరియాలోనో కుళాయి చూపించండి. సింకు కింద ఉన్న వాల్వు తిప్పి నీళ్లు ఆపేయండి. అది చెప్పడం కంటే బాగా పనిచేస్తుంది. సింకు మీద పేపరు అంటించి పెడితే టెన్షన్ ఉండదు.

శుక్రవారం రాత్రి వంట అయ్యాక పాతది గీకి, కడిగి వదిలేయండి. శనివారమంతా ఫ్యాను తిప్పి ఆరనివ్వండి. ఆదివారం పొద్దున్నే సిలికాన్ పెట్టండి. సోమవారం ఉదయం వంటకు గట్టు సిద్ధంగా ఉంటుంది. సింకును ఇంకో రోజు వదిలేస్తే మంచిది.

కొత్త పనిలో అయితే వరుస ఇలా ఉండాలి: టైల్స్, గ్రౌట్, గోడల పెయింట్, సింకు బిగింపు, చివరగా సిలికాన్. గ్రౌట్ పెట్టిన మరునాడే సిలికాన్ తొందర వద్దు. గ్రౌట్ పూర్తిగా తెల్లబడి, ముట్టుకుంటే చల్లగా తగలకుండా ఉండాలి. మూలలో మేస్త్రీ గ్రౌట్ నింపేస్తాడు, అలవాటు కొద్దీ. ముందే చెప్పి ఆ మూల ఖాళీగా ఉంచమనండి. ఆరాక గీకడం కంటే అదే సులువు.

పాతది తీయడం

పాత సిలికాన్ అయితే బ్లేడుని ముందు టైల్‌కి ఆనించి ఒక గీత, తర్వాత గట్టుకు ఆనించి ఒక గీత కోయండి. కొస పట్టుకుని లాగితే చాలావరకు తాడులా వస్తుంది. మిగిలిన పొరను ప్లాస్టిక్ పలకతో గీకాలి. పాలిష్ గ్రానైట్ మీద బ్లేడుని వాల్చి, పొడిగా కాకుండా కాస్త సబ్బునీళ్లు వేసి గీకితే గీతలు పడవు. స్టీల్ సింకు మీద బ్లేడు వాడకండి, ప్లాస్టిక్ ఒక్కటే. ఇక్కడ ఓపిక పట్టాలి, ఎందుకంటే ఆరిన పాత సిలికాన్ మీద కొత్త సిలికాన్ సరిగ్గా అంటుకోదు. కళ్లకు కనబడని పలుచటి పొర మిగిలినా అక్కడే ఊడుతుంది. వేలితో రాసి చూడండి. జారుడుగా, రబ్బరులా తగిలితే ఇంకా ఉన్నట్టు.

వైట్ సిమెంట్ అయితే పాత స్క్రూడ్రైవర్, చిన్న సుత్తితో మెల్లగా కొట్టి 6 మిల్లీమీటర్ల లోతు వరకు తీయండి. టైల్ అంచు పెచ్చు లేవకుండా సుత్తి దెబ్బ ఎప్పుడూ గట్టు పొడవునా పడాలి, గోడవైపు కాదు. దుమ్ము వాక్యూమ్ క్లీనర్‌తో లాగేయండి. లేకపోతే పొడి పెయింట్ బ్రష్‌తో ఊడ్చండి. సందులో మిగిలిన దుమ్ముకే సిలికాన్ అంటుకుంటుంది, రాయికి కాదు.

నల్లటి బూజు ఉంటే బ్లీచింగ్ ద్రావణం పూసి పదిహేను నిమిషాలు ఉంచి మంచినీళ్లతో కడగండి. బ్లీచింగ్‌తో వెనిగర్ గానీ, బాత్రూమ్ యాసిడ్ గానీ కలపడం ప్రాణాంతకం, విషవాయువు వస్తుంది. బూజు సిలికాన్ లోపలికే దిగిపోతే పైన ఎంత రుద్దినా మళ్లీ వస్తుంది, తీసి కొత్తది పెట్టడమే మార్గం.

జిడ్డు, తడి

మన వంటగదిలో రాయి మీద కనిపించని నూనె పొర ఎప్పుడూ ఉంటుంది. రోజూ తాళింపు పెట్టే ఇల్లు మరి. ముందు వేడినీళ్లలో గిన్నెల సబ్బు కలిపి సందుకి రెండువైపులా రెండంగుళాలు రుద్ది కడగండి. మంచినీళ్లతో రెండుసార్లు తుడవండి. ఇక ఆరబెట్టడం. గట్టు పైభాగం గంటలో ఆరినట్టు కనిపిస్తుంది, సందు లోపల మాత్రం నీళ్లు నిలిచే ఉంటాయి. టిష్యూ కాగితాన్ని మడిచి సందులో గుచ్చి తీయండి. తడిగా వస్తే మళ్లీ ఫ్యాను. వానాకాలంలో హెయిర్ డ్రయ్యర్ సాయం తీసుకోవచ్చు. గోడ వెనకనుంచి చెమ్మ వస్తూనే ఉంటే సిలికాన్ దానికి మందు కాదు, పైపు లీకు ఎక్కడుందో ముందు చూడాలి.

పెట్టే ముందు చివరిసారి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. బట్టని ఒకవైపే లాగుతూ, మురికి పట్టగానే తిప్పుతూ తుడవాలి. ఇది మండే ద్రవం కాబట్టి స్టవ్, దీపం ఆరిపోయి ఉండాలి. కిరసనాయిల్ వద్దు, అది తన జిడ్డునే వదులుతుంది. థిన్నర్ రాయికి ఏమీ చేయదు గానీ యాక్రిలిక్ తలుపుల మెరుపు పోగొడుతుంది.

సందు మరీ వెడల్పుగా ఉంటే

గోడ వంకర వల్ల కొన్నిచోట్ల గట్టు వెనక వేలు దూరేంత సందు ఉంటుంది. దాన్నంతా సిలికాన్‌తో నింపితే ట్యూబులు ఖర్చవుతాయి, పైగా పని చెడుతుంది. సిలికాన్ రెండు పక్కలకే అంటుకుంటే రబ్బరు పట్టీలా సాగగలదు. అడుగుకు కూడా అంటుకుంటే మూడు వైపుల నుంచి లాగబడి చిరుగుతుంది. అందుకే అడుగున ఫోమ్ రాడ్ పెడతారు. బ్యాకర్ రాడ్ అంటే టైల్స్, సీలెంట్లు అమ్మే షాపుల్లో దొరుకుతుంది. సందు కంటే పావు వంతు లావుగా ఉన్నది తీసుకుని మొద్దు పుల్లతో లోపలికి నొక్కండి. పైన మిగిలే లోతు సందు వెడల్పులో సగం ఉంటే చాలు, 12 మిల్లీమీటర్ల సందుకు 6. రాడ్ దొరకకపోతే పాలిథీన్ ఫోమ్ షీటుని పట్టీలుగా కోసి చుట్టి దూర్చినా పనవుతుంది. థర్మోకోల్ నలిగిపోతుంది, న్యూస్ పేపరు నీళ్లు తాగుతుంది, రెండూ వద్దు.

అంగుళం దాటిన సందైతే దాన్ని సిలికాన్‌తో కప్పే ఆలోచన మానండి. టైల్ పట్టీ అతికించి, మిగిలిన సన్నని గీతకే సిలికాన్ పెట్టండి. అరల వెనక గోడలో ఎలుక దూరేంత రంధ్రం ఉంటే సిమెంటుతో మూయాలి. ఎలుకకు సిలికాన్ ఒక లెక్క కాదు.

సింకు సంగతి

గట్టు మీద అంచు ఆనేలా కూర్చోబెట్టే సింకు సులువు. కత్తిరించిన చోట చుట్టూ, అంచు కిందికి వచ్చేలా తెగకుండా ఒక గీత వేసి, సింకుని నిటారుగా దించి, కింద క్లిప్పులు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించండి. చుట్టూ సన్నగా సిలికాన్ బయటికి ఉబికితే లోపల ఖాళీ లేదని నమ్మకం. ఉబికింది వెంటనే టిష్యూతో ఎత్తేయండి.

గట్టు కింద నుంచి తగిలించే సింకు వేరు. ఇప్పుడు ఎక్కువమంది అదే పెట్టించుకుంటున్నారు. 24 అంగుళాల పొడవు, 18 వెడల్పు, 9 లోతు ఉన్న సింకు నిండితే అరవై లీటర్లకు పైగా నీళ్లు పడతాయి. అంటే అరవై కిలోలు, పైన గిన్నెలు. ఆ బరువు క్లిప్పులో, కింద పెట్టిన బ్రాకెట్లో, చెక్క ఫ్రేమో మోయాలి. సిలికాన్ పని నీళ్లు ఆపడం వరకే. సిలికాన్‌తో అతికించి వదిలేసిన సింకు ఒకరోజు నిండు నీళ్లతో కిందికి జారుతుంది. మీ సింకు కిందికి టార్చి వేసి చూడండి. అలాంటి పట్టు ఏదీ కనిపించకపోతే ముందు అది పెట్టించండి, గీత సంగతి తర్వాత. కత్తిరించిన గ్రానైట్ అంచు లోపలివైపు గరుకుగా ఉంటుంది, దాని దుమ్ము పూర్తిగా పోవాలి. బూజు పట్టి నల్లబడేది కూడా ఈ గీతే, కాబట్టి బూజు మందున్న ట్యూబ్ ఇక్కడ వాడండి.

టేపు, ముక్కు, గన్

సందుకి పైన ఒకటి, కింద ఒకటి మాస్కింగ్ టేపు వేయండి. గీత ఎంత వెడల్పు కావాలో టేపుల మధ్య అంత ఖాళీ, సాధారణంగా గోడ మీద 5, గట్టు మీద 5 మిల్లీమీటర్లు. అంచులను గోరుతో నొక్కండి, లేకపోతే కిందికి పాకుతుంది. చేయి తిరిగినవాళ్లు టేపు లేకుండానే లాగేస్తారు. మొదటిసారి చేసేవాళ్లు టేపు మానేస్తే మిగిలేది టేపు డబ్బులే.

ట్యూబ్ ముక్కుని 45 డిగ్రీల వాలుగా కోయండి. రంధ్రం సందు కంటే కాస్త చిన్నగా ఉండాలి. పెద్దగా కోస్తే మళ్లీ చిన్నది చేయలేం. లోపలి పొరను మేకుతో పొడిచి, గన్‌లో పెట్టి, మొదట పేపరు మీద కొంచెం వదిలి చూడండి. గాలి బుడగలు పోయి ధార సమంగా వచ్చాక మొదలుపెట్టండి.

ఒక మూల నుంచి ఇంకో మూలకు, ఆగకుండా. గన్‌ని లాగుతూ వెళ్లడమా, తోస్తూ వెళ్లడమా అన్నదానికి పెద్ద వాదనలున్నాయి. లోతు సందుకు తోయడం మంచిది, లోపలికి దిగుతుంది. పైపై మూల గీతకు లాగడం తేలిక. ఏదైనా నొక్కే వేగం, కదిలే వేగం కలవాలి. చేయి ఆపాల్సి వస్తే వెనక మీట వెంటనే నొక్కండి, లేకపోతే కారుతూనే ఉంటుంది. ఒకేసారి వంటగది మొత్తం వేయకండి. రెండు మీటర్లు వేసి, ఒత్తి, టేపు తీసి, అప్పుడు తర్వాతి భాగం. పైన పొర కట్టడానికి రకాన్ని బట్టి ఐదు నుంచి ఇరవై నిమిషాలు పడుతుంది. మే నెల మధ్యాహ్నం అయితే ఇంకా తొందర, అందుకే పొద్దున్నే మొదలుపెట్టమన్నది. ఫ్యాను కూడా ఆ కాసేపు ఆపేయండి, కిటికీలు మాత్రం తెరిచే ఉంచండి.

ఒత్తడానికి చేతి తొడుగు వేసుకున్న వేలు గానీ, గుండ్రటి ఐస్‌క్రీం పుల్ల గానీ చాలు. ఒక్క లాగుడు, ఒకే ఒత్తిడి. బాగా రాలేదని మళ్లీ మళ్లీ రాస్తే ప్రతిసారీ ఇంకాస్త పాడవుతుంది. వేలు అంటుకోకుండా గిన్నెల సబ్బు కలిపిన నీళ్లలో ముంచుతారు, దానికి ఒక హద్దుంది. సబ్బునీళ్లు వేలికే ఉండాలి, చుక్కలు కారకూడదు. సిలికాన్ ఇంకా తాకని రాయి మీద సబ్బు పడితే అక్కడ అది అంటుకోదు. ఒత్తిన వెంటనే, పొర కట్టకముందే టేపుని మన వైపుకు వాలుగా లాగి తీయండి. ఆరాక లాగితే అంచు చిరుగులు చిరుగులుగా వస్తుంది. టేపు తీశాక అంచు లేచినట్టుంటే చాలా తేలిగ్గా ఒకసారి వేలు రాయండి, అంతే.

చెదిరి పడ్డ సిలికాన్‌ని తడిగా ఉన్నప్పుడు బట్టతో తుడవకండి, ఇంకా పరుచుకుంటుంది. టిష్యూతో ఎత్తేయండి, లేదా ఆరనిచ్చి మర్నాడు గోరుతో లాగండి.

ఆరడం

సిలికాన్ గాలిలోని తేమతో గట్టిపడుతుంది. ఎండ పెట్టి ఆరబెట్టే వస్తువు కాదు. రోజుకు సుమారు 2, 3 మిల్లీమీటర్ల లోతు గట్టిపడుతుంది. 6 మిల్లీమీటర్ల గీతకు లోపలి దాకా రెండు మూడు రోజులు పడుతుంది. కాకినాడ, విశాఖ వంటి చోట్ల గాలిలో తేమ ఎక్కువ కాబట్టి తొందరగా అవుతుంది. అనంతపురం ఎండాకాలపు పొడి గాలిలో పైపొర త్వరగా కట్టినట్టు కనిపించినా లోపల మెత్తగానే ఉంటుంది. పైన ముట్టుకుని అయిపోయిందనుకోవద్దు. 24 గంటలు తడి వద్దు, సింకుని 48 గంటలు నింపొద్దు, గట్టు మీద గ్రైండర్ లాంటి బరువులు జరపొద్దు. వాసన పూర్తిగా పోయేవరకు ఆ గీత పక్కన చపాతీలు ఒత్తడం, కూరలు తరగడం కూడా ఆపండి.

మూడు రోజులైనా జిగటగానే ఉంటే ట్యూబ్ పాతదన్నమాట. మొత్తం తీసేయాల్సిందే, మీద ఇంకో పొర వేస్తే లాభం లేదు. గీతలో చిన్న రంధ్రాలు కనిపిస్తే కింద తడి ఉండి ఉంటుంది. ఒకచోట మాత్రమే ఊడితే ఆ భాగాన్ని రెండువైపులా అంగుళం అదనంగా కోసి తీసి, మళ్లీ జిడ్డు వదిలించి పెట్టుకోవచ్చు.

తర్వాత జాగ్రత్త పెద్దగా ఏమీ లేదు. స్టీల్ పీచుతో ఆ గీతని రుద్దవద్దని అంట్లు తోమే మనిషికి చెప్పండి. రాత్రి గట్టు కడిగాక వెనక మూలలో నిలిచిన నీళ్లను పొడిబట్టతో లాగేస్తే బూజు చాలా ఆలస్యమవుతుంది. ఏడాదికోసారి సింకు కింద టార్చి వేసి చెక్క అంచుల రంగు చూడండి.

ట్యూబ్‌లో సగం మిగిలితే ముక్కులోకి పొడవాటి స్క్రూ బిగించి, పైన టేపు చుట్టి, నీడలో పెట్టండి. కొన్ని వారాల్లో వాడేయాలి. మళ్లీ వాడేటప్పుడు ముక్కులో గట్టిపడిన ముక్క స్క్రూతోపాటే బయటికి వస్తుంది. రాకపోతే ముక్కు మార్చండి, షాపుల్లో విడిగా కూడా అమ్ముతారు.